మదనపల్లె నేర్పిన పాఠం: బడిపిల్లల సభలు, సర్కారు నిబంధనలు

విద్యార్థులకు రాజకీయాలెందుకన్న ప్రశ్న కొత్తది కాదు. దాన్ని ఉత్తర్వుగా మార్చి బడి గోడకెక్కించింది వలస ప్రభుత్వం.

వంగ విభజన వ్యతిరేకోద్యమంలోకి విద్యార్థులు రాగానే 1905లో బెంగాల్లో కార్లైల్ సర్క్యులరు, 1907 మేలో దేశమంతటికీ రిస్లీ సర్క్యులరు వెలువడ్డాయి. బడిపిల్లలు రాజకీయ సభల్లో పాల్గొంటూ పోతే ఆ బడికి గ్రాంటు ఆగవచ్చు, స్కాలర్‌షిప్ పోటీకి అర్హత పోవచ్చు, విశ్వవిద్యాలయం గుర్తింపు రద్దు కావచ్చు. అంటే పోలీసు చేసే పనిని పంతులుకు అప్పగించారన్నమాట. బడి మనుగడే గ్రాంటు మీద ఆధారపడినప్పుడు పంతులు కాదనగలడా? అదే ఏడాది రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో ‘వందేమాతరం’ బ్యాడ్జి ధరించిన కర్నూలు యువకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యాడు.

పదేళ్లకు ఈ ఆయుధం చిత్తూరు జిల్లాను తాకింది. 1915లో అనీబిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల నెలకొల్పారు. హోంరూల్ ఉద్యమం సాగుతుండగా 1917లో మద్రాసు ప్రభుత్వం విద్యార్థులు రాజకీయ సభలకు వెళ్లరాదన్నది. జూన్‌లో బిసెంట్‌ను నిర్బంధించింది. ఉద్యమంలో పాల్గొన్నందుకు మదనపల్లె కళాశాల గుర్తింపును విశ్వవిద్యాలయం ఆ ఏడాదే రద్దు చేసింది. పోలీసు పని చేయని విద్యాలయానికి దక్కిన శిక్ష అది. 1919లో ఠాగూరు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించింది ఆ కళాశాలలోనే!

అయితే ఆ ఉద్యమ పరిమితులను మరువరాదు. అది ప్రధానంగా చదువుకున్న మధ్యతరగతి ఉద్యమం. కూలిజనం పిల్లలకు సభ సంగతి అటుంచి, బడే అందలేదు. బిసెంట్ కూడా తర్వాత సహాయ నిరాకరణను వ్యతిరేకించారు.

1950లో రాజ్యాంగం పౌరులకు సభా స్వాతంత్ర్యం, సంఘ స్వాతంత్ర్యం ఇచ్చింది. 1992లో భారతదేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక ఆ స్వేచ్ఛ పిల్లలకూ ఉందన్నది. అమెరికాలో 1984 నాటి చట్టం, మత సంఘాల ఒత్తిడితో వచ్చినదైనా, ఒక మంచి గీత గీసింది. ఇతర విద్యార్థి బృందాలకు చోటిచ్చిన ప్రభుత్వ హైస్కూలు, పాఠాల వేళ కాని సమయంలో విద్యార్థులు తామే జరుపుకునే సభను అందులోని రాజకీయ, మత, తాత్విక విషయాన్ని బట్టి నిరాకరించరాదు.

మన బడి నిబంధనలను కూడా అలాగే పరీక్షించాలి. సభ ఎప్పుడు, ఎక్కడ అని అడిగేది క్రమశిక్షణ. ఏం మాట్లాడతారని అడిగి తలుపు మూసేది రిస్లీ వారసత్వం.