నదిని దాటు హక్కు

మిసిసిపీ మహానది ఉత్తరమునుండి దక్షిణమునకు ప్రవహించునని మనమందరము చిన్ననాడు భూగోళ పాఠములలో చదువుకొన్నాము. కాని అమెరికాలో అయోవా, ఇల్లినాయి రాష్ట్రముల సరిహద్దున ఒకచోట ఆ నది కొంతదూరము తూర్పునుండి పడమటికి పారుచున్నది. అక్కడ సుమారు మూడు మైళ్ల పొడవుగల రాతిలంక ఒకటి కలదు. దానికి రాక్ ఐలండ్ అని పేరు. లంకకు దక్షిణమున అదే పేరుగల పట్టణము, ఉత్తరపుటొడ్డున డావెన్‌పోర్టు నగరము ఉన్నవి.

లంకకు దిగువగా, రాక్ నది మిసిసిపీలో కలియు చోటికి చేరువలో, సాక్ జాతివారి ముఖ్యగ్రామము ఉండెడిది. మొక్కజొన్న పండించుకొని, చలికాలమున వేటకు పోయి, వసంతమున మరల ఇల్లు చేరుట వారి ఆచారము. 1804లో ఆ జాతి పెద్దలు కొందరు సెయింట్ లూయిస్‌లో ఒక ఒడంబడికకు సమ్మతించినారు. నదికి తూర్పునగల వారి భూమి దానితో తమదైనదని ప్రభుత్వము వాదించినది. జాతిసభ అనుమతిలేని ఆ ఒప్పందము చెల్లదని బ్లాక్ హాక్, అనగా నల్లడేగ, అను వీరుడు కడవరకు చెప్పుచునే వచ్చినాడు. 1816లో లంకకొనపై ఆర్మ్‌స్ట్రాంగ్ కోట వెలసినది. 1831లో సాక్ జనమును నదికి పడమరగా వెడలగొట్టినారు.

మరుసటి వసంతమున నల్లడేగ స్త్రీలు, బాలురు, వృద్ధులతో కూడిన వేయిమంది జనమును వెంటబెట్టుకొని నది దాటి తూర్పునకు వచ్చినాడు. ఆ దాటుటయే నేరమైనది. సైన్యము వెంట తరిమినది. ఆగస్టులో బ్యాడ్ యాక్స్ అనుచోట, తిరిగి పడమటికి దాటిపోవ యత్నించుచు అనేకులు నీటిలోనే ప్రాణములు విడిచినారు.

ఆ దండులో స్వచ్ఛందముగా చేరినవారిలో ఇరువదిమూడేండ్ల అబ్రహాం లింకన్ ఒకడు. ఆయన యుద్ధము చూడనేలేదు. తన రక్తము త్రాగినవి దోమలేనని 1848లో శాసనసభలో హాస్యమాడినాడు కూడ.

సెప్టెంబరులో సంధి జరిగినది. కోటలో కలరా ప్రబలియున్నందున డావెన్‌పోర్టు ఒడ్డున సమావేశమైనారు. దుబాసి ఆంట్వాన్ లెక్లేర్. ఆయనలో పొటావటామీ జాతి రక్తమున్నది. మరుసటి ఏట నల్లడేగ తన జీవితగాథను చెప్పగా తెనిగించినట్లే ఇంగ్లీషు చేయించినవాడును ఆయనయే. సంధి జరిగిన చోట ఇల్లు కట్టుకొనవలెనను షరతుతో అక్కడి భూమిని ఆయన భార్యకు ఇచ్చినారు. ఆ ఇల్లే తరువాత రైలు స్టేషను అయినది!

1856 ఏప్రిల్‌లో లంకమీదుగా రైలువంతెన తెరచినారు. మిసిసిపీ నదిపై అదియే మొదటి రైలువంతెన. రెండు వారములు గడచినవో లేదో, మే 6న ఎఫీ ఆఫ్టన్ అను పొగఓడ స్తంభమునకు కొట్టుకొన్నది. ఓడ తగులబడినది, వంతెనలో ఒక భాగమును కాలిపోయినది. ఓడ యజమానులు దావా వేసినారు. 1857 సెప్టెంబరులో చికాగోలో విచారణ జరుగగా వంతెన పక్షమున నిలిచిన న్యాయవాదులలో లింకన్ ఉన్నాడు. నదివెంట పోవువానికి ఎంత హక్కు కలదో, నదిని దాటువానికిని అంత హక్కు కలదని ఆయన వాదము. జూరీ ఏకాభిప్రాయమునకు రాలేకపోయినది. కడకు 1862లో అత్యున్నత న్యాయస్థానము, వేరొక దావాలో, వంతెనను నిలువనిచ్చినది.

ఈ చరిత్ర చదివినప్పుడెల్ల మాకు తోచునది ఒకటే. ఆ వాదము ఇరువదియైదేండ్లకు ముందు, అదే నదిపై, నల్లడేగ పక్షమున ఎవ్వరును చేయలేదు.

నేడక్కడ ఉన్నది 1896 నాటి వంతెన. పైన రైలు, క్రింద బాట. 1934లో దానిచెంత లాకు, ఆనకట్ట వచ్చినవి. పడవ వచ్చినప్పుడు వంతెనలో ఒక భాగము గుండ్రముగా తిరిగి దారి ఇచ్చును. లంకపై పాత కోటబురుజుకు నమూనా ఒకటి కట్టియుంచినారు. సాక్ గ్రామమున్న తావున ఇండ్లు, వీథులు లేచినవి.

సాక్‌లకు మిత్రులైన మెస్క్వాకీ జాతివారు మాత్రము, చికాగోలో విచారణ జరిగిన ఆ 1857లోనే, అయోవాలోని టామా ప్రాంతమున తమ సొంత సొమ్ముతో ఎనుబది ఎకరములు కొనుక్కొన్నారు. వారి సంతతి నేటికిని అక్కడనే కాపురమున్నది.