మోటారుబండి గాలిపంకా – నిరోధకపు తీగె

నేటి ప్రసంగమునకు ఎత్తుకొన్న విషయము కొందఱికి వింతగా తోచవచ్చును. ఇది రాజుల కథ కాదు, శాసనముల చర్చయు కాదు. మోటారుకారులో కాళ్ల దగ్గఱ, ఎవరి కంటికిని ఆనని మూలను దాగియుండు ఒక తీగెచుట్ట చరిత్రము. వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన నావంటి వానికి ఇందు ప్రవేశ మెట్లు కలిగెనో ముందుగా మనవి చేయుదును.

గుంటూరు, ప్రకాశము సీమలలో కారునకు వేడిగాలి యెందులకని మీరు నవ్వుదురు. రోహిణికార్తెలో రోళ్లు పగులు దేశము గదా మనది! కాని పుష్యమాసపు తెల్లవాఱుజామున పర్చూరునుండి చిలకలూరిపేటకు బయలుదేఱినవారికి దాని యక్కఱ తెలియును. నల్లరేగడి చేలమీద మంచు క్రమ్ముకొనును. ముందటి అద్దము లోపలివైపున చెమర్చును. ఎదుట వచ్చు లారీమీద పత్తి బోరెములున్నవో, మిరప టిక్కీలున్నవో కూడ పోల్చుకొనలేము. అద్దముమీదికి వెచ్చని గాలి కొట్టినగాని త్రోవ కానరాదు.

మా బావగారి కారు ముప్పదేండ్ల నాటిది. ఏ కంపెనీదో చెప్ప నక్కఱలేదు. ఈ అవయవము పాతబండ్లలో ఇంచుమించుగ ఒకే తీరున నుండును. పంకా మీటకు మూడు మెట్లు. ఆనాడు మొదటి మెట్టున గాలి లేదు, రెండవ మెట్టునను లేదు. మూడవ మెట్టున మాత్రము తుపానువలె హోరెత్తెను. మోటారు చెడినచో మూడింటను ఊరకుండవలెను గదా! ఈ చిక్కు విడవలెనన్న ఇంచుమించు రెండువందల యేండ్లు వెనుకకు పోవలెను.

జర్మనీ దేశమున ఎర్లాంగెన్ పట్టణమందు 1789లో, తాళములు చేయువాని యింట, జార్జి సైమన్ ఓమ్ అనునతడు జన్మించెను. కొలోన్ నగరమున బడిపంతులై గణితమును, భౌతికశాస్త్రమును బోధించుచు, తీగెలను కొలిచి చూచి 1827లో ఒక గ్రంథము ప్రకటించెను. త్రోయుశక్తి యెంత హెచ్చిన విద్యుత్ప్రవాహ మంత హెచ్చును. తీగె యెంత పొడవై, ఎంత సన్ననైన, దానికి అంత అడ్డు. ఇదియే ఆయన కనుగొన్న ధర్మము. స్వదేశ పండితులు పెక్కుమంది దానిని లెక్కసేయరైరి. ఆయన ఉన్న యుద్యోగమును వదలుకొనెను. పదునాలుగేండ్లకు, అనగా 1841లో, లండను రాయల్ సొసైటీవారు పిలిచి కోప్లీ పతక మొసగిరి. పంతులు గొప్పతనము సొంతయూరికి కడపట తెలియుట అన్ని దేశముల ఆచారమే కాబోలు.

ఆ యడ్డునకే నిరోధమని పేరు. యోగశాస్త్రమున వినబడు మాటయే. మీట మొదటి మెట్టున నున్నపుడు బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తు ఈ తీగెచుట్ట నంతయు దాటి, నీరసించి, మోటారును చేరును. రెండవ మెట్టున చుట్టలో కొంతభాగమునే దాటును. మూడవ మెట్టున చుట్టతో పనిలేక తిన్నగా మోటారునకే పోవును. కావున చుట్టదారి తెగినచో మొదటి రెండు మెట్లు చచ్చి మూడవది బ్రదికియుండును. పూర్వము మన యిండ్ల గోడలకు బిగించిన సీలింగుఫాను రెగ్యులేటరు పెట్టెలలోను ఇట్టి చుట్ట యుండెడిది. పెట్టెమీద చేయి యుంచిన వెచ్చగా తగులుట పెద్దలకు జ్ఞాపక ముండును.

ఆ వెచ్చదనమే కథకు ప్రాణము. సాగరు కుడికాలువకు 1967లో నీరు వదలినది మొదలు తూముల సంగతి మన కెఱుకయే. తూము తలుపు దింపిన, ఆగిన నీరు వెనుక మిగిలియుండును. ఇచట ఆ మిగులు లేదు. చుట్ట లాగుకొన్న శక్తి యంతయు తీగెలో వేడియై పోవును. మాంచెస్టరు ప్రాంతమున బీరు కాచువారి యింట పుట్టిన జేమ్స్ జౌల్ అను యువకుడు 1841లోనే దీనిని కొలిచి చూపెను. ప్రవాహము రెండింతలైన వేడి నాలుగింత లగును. ఉదాహరణమునకు 12 వోల్టుల బండిలో, ఒకటిన్నర ఓముల చుట్టగుండ 4 ఆంపియర్లు పోయినచో 24 వాట్ల వేడి పుట్టును. ఇట్టి వేడి నిత్యము నోర్చుట మామూలు తీగెకు సాధ్యము కాదు. 1906లో ఆల్బర్టు మార్షు అను అమెరికావాసి నికెలు, క్రోమియముల మిశ్రమమునకు పేటెంటు పొందిన పిమ్మట, ఎఱ్ఱగ కాలియు చెడని తీగె లోకమునకు దొరకెను. విద్యుత్పొయ్యిలలో మెఱయునది అదియే.

కారులు చేయువారు ఇంకొక యుపాయము పన్నిరి. చుట్టను పంకా గాలి పోవు గొట్టములోనే అమర్చిరి. తాను ఎవనికి పగ్గము వేయుచున్నదో వాని గాలియే తనను చల్లార్చవలెను! గాలి ఆగిన దినమున చుట్ట కొలిమి యగును గావున, తరువాతి బండ్లలో దాని ప్రక్కనే ఒక చిన్న కాపలాను పెట్టిరి. వేడి మితిమీఱినచో అది కరగి దారి తెంచును. ఫ్యూజుపెట్టెలోనిది వేఱు. అది ప్రవాహము మితిమీఱిననే కరగును. పంకా బిగిసి ఆగినపుడు 4 ఆంపియర్లకు మాఱు 7 పోవుననుకొందము. ఇరువది ఆంపియర్ల ఫ్యూజునకు అది లెక్కలోనికే రాదు. చుట్టలో వేడి మాత్రము మూడింతలు దాటును, చల్లార్చు గాలియు లేదు. ఆ యపాయము నెఱుగునది ఈ చిన్న కాపలా యొక్కటియే.

మా బండిలో తెగినది అదియే. త్రోవలో ఒక షెడ్డున చూపగా పనివాడు క్షణములో బాగుచేసి, “పంతులుగారూ, చిన్న ఫ్యూజు పోయిందండీ. రాగితీగ చుట్టేశాను, ఇక జన్మలో పోదు” అనెను. మూడు మెట్లును పలికినవి. ఇరువది రూపాయలతో పని తీఱినదని సంతోషించితిమి. ఎందులకు పోయినదని అతడు చూడలేదు, మేము అడుగలేదు.

ఎనిమిది దినములకు బావగారు వెనుకసీటున ఒక మిరప టిక్కీ వేసికొని మా యింటికి వచ్చి, పత్తి నిలువచేసిన చావడి ముందఱ బండి నిలిపిరి. అద్దము ఆఱుటకై పంకాను మొదటి మెట్టుననే యుంచి మాటాడుచుండిరి. కాలిన వాసన వచ్చెను. వెంటనే కాళ్ల దగ్గఱనుండి పొగ. మేనల్లుడు పరుగెత్తి బ్యాటరీ తీగె నూడబెఱికెను గాని, లేనిచో చావడి దక్కెడిది కాదు. మిరపకాయల కంటుకొన్నచో ఊరంతయు దగ్గియుండును.

ఇది మన పల్లెటూరి షెడ్డులకే చెల్లిన పొరపాటని తలపకుడు. ఇంగ్లాండులో జాఫిరా అను కారులు అనేకము మంటలపాలు కాగా, 2015లో కంపెనీవారు రెండులక్షలకు పైబడిన బండ్లను తనిఖీకై వెనుకకు పిలిపించిరి. ఈ నిరోధకపు కాపలాను ఎవరో తప్పుగా అతికించుట కారణమని వారు మొదట చెప్పిరి. మఱుసటి యేట రెండవమాఱును పిలిపింపవలసి వచ్చెను. పార్లమెంటు రవాణా సంఘము విచారించి, కంపెనీ తాత్సారము చేసినదని 2017లో గట్టిగా తప్పుపట్టెను. కాపలాను తప్పించినవాని తప్పు సరియే. కాపలా మాటిమాటికి ఏల తెగుచున్నదని అడుగనివాని తప్పును అంతకు తక్కువది కాదు.

మా కారును పిమ్మట ఒక వృద్ధ మేస్త్రి చూచెను. కాలిన చుట్టను ముట్టక, ముందుగా పంకాను విప్పెను. జిన్నింగు మిల్లుల ముందఱ తిరిగిన ఫలముగ అద్దము క్రింది గాలిద్వారమున జొచ్చిన దూది నూగు పంకా ఱెక్కలలో పరుపువలె నిండియుండెను. మోటారు ఇరుసు ఎండి బిగిసియుండెను. నూగు తీసి, ఇరుసున చమురు వేసి, మోటారు ఎన్ని ఆంపియర్లు త్రాగుచున్నదో కొలిచి చూచిన తరువాతనే, అదే కొలతగల క్రొత్తచుట్టను కాపలాతో సహా బిగించెను. ద్వారమునకు సన్నని జాలియు కట్టెను. తీసిన దూది దోసెడు పైన నుండెను. మా అక్కగారు దానిని చేతిలోనికి తీసికొని, వత్తులకు పనికివచ్చునేమో యని చూచి, ముక్కు దగ్గఱ పెట్టుకొని, పెంటమీద పడవైచిరి.