ప్రత్తిచేనులో పురుగు పంచాంగము

వరంగల్లు నుండి ఖమ్మము పోవు బాటపై మరిపెడ యున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున, రైతు చేతికి రొక్కము తెచ్చు పంటలలో ప్రత్తి ముఖ్యమైనది. ఈ పంట చరిత్ర తెలియవలెనన్న, ఒక పురుగు జీవితచరిత్రను గూడ తెలిసికొనవలెను. అది గులాబిరంగు కాయతొలుచు పురుగు. గుజరాతులోని భరోచి నుండి వచ్చిన నమూనాలను చూచి, 1843లో సాండర్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనికి తొలిసారి శాస్త్రీయ నామము నిచ్చెను.

తల్లి పురుగు రాత్రివేళ మొగ్గలమీదను, లేతకాయలమీదను నూటికి పైగా గ్రుడ్లు పెట్టును. నాలుగైదు దినములలో పిల్ల వెలువడి, కాయను తొలిచికొని లోనికి పోయి గింజలను తినును. పైకి కాయ నిండుగానే కనిపించును. చల్లిన మందు లోపలి పురుగును చేరదు. ఎండలు వెచ్చగా నున్నప్పుడు ఇంచుమించు నెలకొక తరము పుట్టును. కనుక పూత నాటికి కొద్దిగా నున్న పురుగు, కార్తీక మార్గశిరముల నాటికి చేనంతయు నిండును. చలి ముదిరి పగళ్లు తగ్గగానే కొన్ని పురుగులు రెండు గింజలను జతచేసికొని, ఆ నడుమ నెలల తరబడి నిద్రించును. ప్రత్తికట్టె, రాలిన కాయ, జిన్నింగు మిల్లులోని గింజల రాశి వాటికి విడుదులు. తొలకరి తరువాత అవియే రెక్కలతో లేచును. అప్పటికి చేలలో మొగ్గ లేకున్నచో, అవి సంతతి లేకయే నశించును.

ఈ రహస్యమును పూర్వులు గ్రహింపకపోలేదు. కోయంబత్తూరు ప్రాంతపు కంబోడియా ప్రత్తికి కలిగిన నష్టమును చూచి, 1919లో మద్రాసు ప్రభుత్వము సస్యముల చీడపీడల చట్టము చేసెను. నిర్ణీత దినములోపల ప్రత్తి మొక్కలను పెరికివేయవలెనని రైతులను నిర్బంధించెను. నాడు మరిపెడ నిజాము రాజ్యములోనిది. ఆ చట్టము ఇక్కడికి రాలేదు.

1997లో వరంగల్లు జిల్లా ప్రత్తిరైతునకు మహా విపత్తు వచ్చెను. నాటి ముఖ్యశత్రువులు పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు. మందుపై మందు చల్లినను అవి చావలేదు. అప్పు మాత్రము పెరిగెను. ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖము మరువకముందే, 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించెను. శనగపచ్చ పురుగు తగ్గెను. మందుల ఖర్చు కొంతకాలము తగ్గెను. రెండు జన్యువుల విత్తనము 2006లో వచ్చెను.

అయితే గులాబి పురుగునకు ప్రత్తియే ప్రధానాహారము. బీటీ చేనిచుట్టు మామూలు ప్రత్తి వేయుమన్న సలహాను పాటించినవారు అరుదు. దీర్ఘకాలపు రకములు మాఘమాసము దాటియు చేలలో నిలిచెను. తట్టుకొన్న పురుగులే మిగిలి, తమలో తాము కలిసి వృద్ధిపొందెను. గుజరాతులో మొదటి జన్యువును ఈ పురుగు జయించినదని 2010లో వెల్లడియయ్యెను. తరువాత రెండవదియు లొంగెను. 2017లో తెలంగాణములోను, మహారాష్ట్రములోను కాయలు పుచ్చి రైతులు నష్టపడిరి.

అప్పులున్న రైతు ఇంకొక తీతకై ఆశపడుట సహజమే. కాని ఆ ఆలస్యమే రాబోవు ఏటి పురుగునకు ఆశ్రయము. ఒక్కరు కట్టె పెరికి, పొరుగువారు ఉంచిన ఫలము లేదు. అమెరికాకు 1917లో చేరిన ఈ పురుగు 2018లో అక్కడి ప్రత్తిసీమలనుండి నిర్మూలమైనట్లు ప్రకటింపబడెను. బీటీ విత్తనము, గొడ్డు పురుగులను విడుచుట, లింగాకర్షక బుట్టలు, పంట ముగింపునకు ఏకగడువు - అన్నియు కలిసి పనిచేసెను.

విత్తనమును ఎవరికివారు కొనవచ్చును. గడువును మాత్రము ఊరంతయు కలిసి పెట్టుకొనవలెను. పుష్యమాసమునకు చేను ఖాళీచేసి, కట్టెను పొలమున మిగులనీయక, పూత నాటినుండి గుడ్డిపూలను ఏరి నాశనము చేసినచో, పురుగునకు తలదాచుకొను చోటు తగ్గును. 1919లో శాసనము నిర్బంధించిన పనిని నేడు గ్రామస్థులు తమ యిష్టముతో చేసికొనవచ్చును.