కుట్టుమిషను ఎవరిది?

పాతబస్తీ చరిత్ర అనగానే నవాబులూ, మహళ్ళూ, ముత్యాలూ గుర్తుకు వస్తాయి. ఆ నవాబుల షేర్వానీలు కుట్టిన దర్జీల చరిత్ర ఎక్కడ దొరుకుతుందని వెదికితే, కొంత న్యాయస్థానాల తీర్పులలో దొరుకుతుంది. అటువంటి తీర్పు ఒకదానిని గురించి చెప్పాలని ఈ నాలుగు మాటలు.

1973 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో తీర్పు చెప్పింది. మూసీ దక్షిణపు ఒడ్డున, పాతబస్తీ గుమ్మంలోనే ఉన్న అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి ఢిల్లీకి వెళ్ళిన వ్యాజ్యమది. తెలంగాణ ప్రాంతపు దుకాణాలు, సంస్థల చట్టం (1951) దర్జీలకు వర్తిస్తుందా, లేదా అన్నది ప్రశ్న. వారు తమ పనివారే కారని దుకాణదారుల వాదన.

ఆ వాదనకు ఆధారాలు లేకపోలేదు. దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన బట్టను బట్టి కూలి. రోజంతా కూర్చోవాలన్న నియమం లేదు. వేరే దుకాణానికీ కుట్టవచ్చు. కొందరు అనుమతితో బట్ట ఇంటికి తీసుకువెళ్ళి కుట్టేవారు. అయితే మిషన్లు దుకాణదారువి. చెప్పినట్లు కుట్టకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించే అధికారమూ అతనిదే. ఈ రెండింటికీ ప్రాధాన్యమిచ్చి, వీరు ఉద్యోగులేనని జస్టిస్ కె.కె. మాథ్యూ తేల్చారు. పని చేసే తీరుపై యజమాని అదుపు ఉన్నదా అన్న ఒక్క పరీక్షతోనే సంబంధాన్ని నిర్ణయించలేమని కూడా ఆ తీర్పు చెప్పింది.

బీడీ కార్మికుల విషయంలో ఈ చిక్కును చట్టసభే ముందుగా విప్పింది. యజమానో, ఠేకేదారో ఆకూ పొగాకూ ఇస్తే ఇంట్లో కూర్చుని చుట్టే స్త్రీ కూడా ఉద్యోగియేనని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం నిర్వచనంలోనే వ్రాసింది. కానీ దాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా 250 రూపాయలకు మించేది కాదు!

పాతబస్తీ గల్లీలలో మగ్గం పని చేసే వారికీ, ఇంట్లో బట్టలు కుట్టే వారికీ అటువంటి ప్రత్యేక చట్టం లేదు. పైగా ఇంట్లో కుట్టే స్త్రీకి మిషను తనదే, కరెంటు బిల్లూ తనదే. 1973లో దర్జీని నిలబెట్టిన మిషను, ఇక్కడ యజమాని పక్షాన సాక్ష్యం చెబుతుంది. పెట్టుబడి భారం కూడా పనిమనిషి నెత్తినే వేసినవాడు, ఆ కారణం చేతనే యజమాని కాకుండా పోవడం ఎంత విచిత్రం!

ఇక ఫిర్యాదు చేసినవారి గతి. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982లో చేసిన సవరణ, అక్రమ కార్మిక విధానాల జాబితా నొకదానిని చేర్చింది. శాశ్వత హోదా ఎగవేయడానికి మనుషులను ఏళ్ళ తరబడి తాత్కాలికులుగా ఉంచడమూ, యజమానిపై ఫిర్యాదు చేసినందుకో సాక్ష్యం చెప్పినందుకో తొలగించడమూ రెండూ అందులో ఉన్నాయి. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ప్రభుత్వమో, ప్రభుత్వ అనుమతి ఉన్నవారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ జరిమానాను పదివేల నుండి రెండు లక్షల వరకు పెంచింది, మొదటి తప్పుకు జైలును తీసివేసింది.

జరిమానా పెరగడం మంచిదే. కానీ ఇంటి నుండి పనిచేసే మనిషిని ఎవరూ ఉత్తరమిచ్చి తొలగించరు. మరుసటి వారం బట్టల మూట రాదు, అంతే. పని నచ్చకపోతే ఇక పని ఇవ్వరన్న సంగతి 1973 తీర్పులోనూ నమోదై ఉంది. పని ఇవ్వడం ఆపగలవాడే యజమాని అని చట్టం ఒప్పుకున్న నాడు, ఆ మూట ఎందుకు రాలేదని అడిగే హక్కు కూడా ఆమెకు వస్తుంది. అంతవరకు జరిమానాల అంకెలు గెజిట్టులోనే ఉంటాయి.