కోయిలకుంట్ల సీమలో దారి సుంకం: చౌకీ నుండి టోల్‌ప్లాజా వరకు

ఉపోద్ఘాతం:
దారి వాడుకున్నందుకు పన్ను చెల్లించడం తెలుగు నేలకు కొత్త కాదు. సుంకం, సుంకరి అనే మాటలు శాసనకాలం నుండి వాడుకలో ఉన్నాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం, సముద్ర వర్తకులు చెల్లించవలసిన సుంకాన్ని ముందుగానే నిర్ణయించి వారికి భరోసా ఇచ్చింది. సుంకంలోని న్యాయం రేటుపై మాత్రమే ఆధారపడదు. దానిని ఎక్కడ, ఎవరు, ఏ కొలతతో వసూలు చేస్తారన్నదీ అంతే ముఖ్యం. కోయిలకుంట్ల ప్రాంతం దాటి వచ్చిన దశలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి.

సాయరు, గుత్త:
1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో కోయిలకుంట్ల కంపెనీ పాలనలోకి వచ్చింది. ప్రధాన కలెక్టరు థామస్ మన్రో పేరు భూమిశిస్తుతోనే ముడిపడినా, కంపెనీ రాబడిలో 'సాయరు' అనే రవాణా సుంకానికీ స్థానముంది. కుందూ లోయ నల్లరేగడిలో పండిన పత్తి వంటి సరుకు దూరపు సంతలకు పోవాలంటే చౌకీల వద్ద సుంకం కట్టాలి. ఈ వసూలును గుత్తకిచ్చే పద్ధతి ఉండేది. గుత్తదారు ఒప్పుకున్న మొత్తాన్ని సర్కారుకు కట్టి, మిగిలినది తాను ఉంచుకొనేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ సుంకాలు 1844లో రద్దయ్యాయి.

రెండేళ్ల తరువాత, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. ఆ తిరుగుబాటుకు మూలం పాళెగాళ్ల పింఛను, కట్టుబడి ఇనాముల వివాదాలే కాని దారి సుంకం కాదు. రెండూ సర్కారు రాబడికి సంబంధించినవే అయినా, చరిత్ర రచనలో వాటిని వేరుగా చూడాలి.

బండి నుండి మోటారుకు:
1858లో కోయిలకుంట్ల కడప జిల్లా నుండి కర్నూలు జిల్లాకు మారింది. 1871 నాటి స్థానిక నిధుల చట్టం బండ్లపైనా పశువులపైనా గేటు సుంకానికి వీలు కల్పించింది. దీనితో కొలత మారింది. సాయరు సరుకును చూస్తే, గేటు బండిని చూసింది. 1931 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం ఈ గేట్లను తొలగించి, స్థానిక సంస్థలకు పరిహారం ఏర్పాటు చేసింది. దారిలో ఆపి తీసుకొనే సుంకం స్థానంలో వాహన యజమాని చెల్లించే పన్ను వచ్చింది.

ప్లాజా, ఎగ్జిట్:
సుంకం మళ్లీ దారి మీదికి వచ్చింది నాలుగు వరుసల రహదారులతో. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా కడపకు పోయే 40వ జాతీయ రహదారి కోయిలకుంట్లను తాకదు. ఇక్కడివారు పక్క రోడ్లలో వెళ్లి దానిని చేరుకోవాలి. 2008 నాటి ఫీజు నియమాల ప్రకారం ప్లాజాల మధ్య సాధారణంగా 60 కిలోమీటర్ల ఎడముండాలి. ప్లాజాకు 20 కిలోమీటర్లలోపు నివసించేవారి సొంత వాహనాలకు నెలవారీ పాసు ఉంది. కాని ప్లాజాలో కట్టే రుసుము ఆ ప్లాజా పరిధిలోని రహదారి పొడవును బట్టి ఉంటుంది గాని, వాహనం నిజంగా నడిచిన దూరాన్ని బట్టి కాదు. కొద్ది దూరం పోయి పక్క దారి పట్టినా, మధ్యలో ప్లాజా ఉంటే పూర్తి రుసుము కట్టాలి. ప్లాజా తగలకుండా దిగిపోయినవారు ఏమీ కట్టరు.

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు పద్ధతి వేరు. అక్కడ ఎక్కినచోటు నమోదవుతుంది. దిగే ఎగ్జిట్ వద్ద, నడిచిన దూరాన్ని బట్టి రుసుము పడుతుంది. కొలతలో ఇది న్యాయమైనదే. కాని 2023లో ఈ రహదారి వసూలు హక్కును 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. రేట్లపై ప్రభుత్వ నియంత్రణ, నిర్వహణ బాధ్యత వంటి భేదాలున్నా, ముందుగా మొత్తం కట్టి వసూలు హక్కు పొందే పద్ధతి పాత గుత్తను గుర్తుకు తెస్తుంది.

ముగింపు:
సాయరు సరుకును, గేటు బండిని, ప్లాజా రహదారి ఖండాన్ని, ఎగ్జిట్ దూరాన్ని కొలుస్తాయి. ఈ నాలుగింటిలో ప్రయాణికుడు వాడుకున్న దారికి దగ్గరగా ఉన్న కొలత చివరిదే. ప్రధాన రహదారికి పక్కగా ఉన్న కోయిలకుంట్ల వంటి ఊళ్లకు రేటు తగ్గింపు కన్నా ఈ కొలతే ఎక్కువ మేలు చేస్తుంది.