కిష్టయ్య పేరు తప్పా?

మా తాత పేరు కిష్టయ్య. నాకు పెట్టిందీ ఆయన పేరే. బడిలో చేర్చిన రోజున పంతులుగారు "కిష్టయ్య ఏమిట్రా, కృష్ణయ్య అనాలి" అని దిద్ది రాసుకున్నారు. తప్పు పలికింది ఎవరన్న ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదల్లేదు.

కృష్ణ అంటే నలుపు. అది మొదట రంగును చెప్పే విశేషణం. కృష్ణపక్షం అన్న మాటలో నేటికీ ఆ అర్థమే ఉంది. భారతంలో ద్రౌపది కృష్ణ, వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు, అర్జునుడి పది పేర్లలోనూ కృష్ణ ఒకటి. ఛాందోగ్యోపనిషత్తులోని దేవకీపుత్రుడైన కృష్ణుడు ఘోర ఆంగీరసుని వద్ద ఉపదేశం పొందిన శిష్యుడు మాత్రమే. అంటే ఈ పేరు ఒక్క దేవుడి సొత్తు కాదు. నల్లని మనుషులు మోసిన పేరు.

నాసిక్ 19వ గుహలో బ్రాహ్మీ లిపిలో ఒక చిన్న ప్రాకృత శాసనం ఉంది. సాతవాహన కులపు రాజు కణ్హ కాలంలో ఒక మహామాత్రుడు ఆ గుహను తొలిపించాడని దాని సారాంశం. ఈ రాజునే పురాణాలు ఆంధ్రరాజుల పట్టికలో కృష్ణుడన్నాయి. పంతులుగారు నా పేరుకు చేసిన సంస్కారమే పురాణకర్తలు రాజు పేరుకూ చేశారు! రాష్ట్రకూట కృష్ణులు సైతం కన్నడ శాసనాల్లో కన్నరలే.

కణ్హనుంచి కిష్టయ్య పుట్టాడని నేననడం లేదు. కణ్హది ప్రాకృతపు దారి. తమిళుల కణ్ణన్ దానికి చుట్టం. కిష్టయ్యది వేరే దారి. తెలుగు నాలుక ఋకారాన్ని ఇకారం చేసి, 'ష్ణ'ను 'ష్ట'గా పలికింది. రెండూ జనం నోట నడిచిన దారులే.

అయితే విష్ణువు వెన్నుడైతే కావ్యభాష, కృష్ణుడు కిష్టయ్య అయితే మోటు ఎందుకయింది? తేడా ధ్వనిలో లేదు, పలికేవాడి స్థానంలో ఉంది. శూద్రుని పేరు జుగుప్స కలిగించేదిగా ఉండాలని మనుస్మృతి రెండవ అధ్యాయం శాసించింది. పేరును చూసి మనిషిని తూచే అలవాటు వెనుక అంత పాత చరిత్ర ఉంది.

ఆ అలవాటు పంతులుగారితో ఆగలేదు. నా తొలి కథలో నాయకుడు కృష్ణమూర్తి, పాలేరు కిష్టయ్య. అలా ఎందుకు పెట్టానని ఆనాడు నన్ను నేను అడుగుకోలేదు. శ్రమజీవుల పక్షాన రాస్తున్నామనుకునే మనం పాత్రలకు పేర్లు పెట్టే చోటనే మొదట ఆ ప్రశ్న వేసుకోవాలి.