రుస్కా: ఏ రెండు కంచాలూ ఒకేలా ఉండని సెట్టు

ఫిన్లాండ్‌కు చెందిన అరేబియా కంపెనీ 1960ల ఆరంభం నుంచి 1999 దాకా తయారుచేసిన స్టోన్‌వేర్ కంచాలు, కప్పులు, గిన్నెల వరుసకు రుస్కా అని పేరు. రూపకర్త ఉల్లా ప్రొకోపె (1921–1968). తయారీ ఆగిపోయిన పాత్రలను పోగుచేసేవాళ్లు ఈనాటికీ దీనికోసం వెతుకుతూనే ఉన్నారు.

మట్టిని దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అది నీరు పీల్చనంత గట్టిపడుతుంది. అదే స్టోన్‌వేర్. మన ఆవకాయ జాడీదీ ఇదే జాతి. రుస్కా ప్రత్యేకత దాని గోధుమరంగు పూతలో ఉంది. పూత ఎంత మందంగా పడింది, కొలిమిలో పాత్ర ఏ మూలన కాలింది అన్నదాన్ని బట్టి రంగు మారిపోతుంది. ఒక కంచం తుప్పు రంగులో ఉంటే, పక్కది దాదాపు నల్లగా తేలుతుంది. ఒకే కప్పు మీద అంచు దగ్గర ఎర్రగా పలచబడి, అడుగుకు వచ్చేసరికి చిక్కబడిన పూతను చూడవచ్చు.

అందుకే రుస్కా సేకరణ మిగతావాటికి భిన్నం. పువ్వులో తీగలో అచ్చువేసిన సెట్టులో ఒక ప్లేటు పగిలితే అచ్చంగా అలాంటిదే దొరకాలి. ఇక్కడ ఆ పట్టింపు లేదు. ముప్పై ఏళ్ల ఎడంతో తయారైన రెండు కంచాలు ఒకే బల్ల మీద చక్కగా ఒదిగిపోతాయి. విడివిడిగా కొని సెట్టు కూర్చుకునేవారికి ఇంతకన్నా అనువైనది అరుదు.

కాలం తెలియాలంటే పాత్రను బోర్లించి అడుగు ముద్ర చూడాలి. దాన్ని చదవడానికి కంపెనీ చరిత్ర కొంత తెలిసుండాలి. అరేబియాను 1873లో స్వీడన్ కంపెనీ రోర్‌స్ట్రాండ్ హెల్సింకీలో నెలకొల్పింది. 1947లో వార్ట్‌సిలా, 1990లో హాక్‌మన్ దాన్ని చేజిక్కించుకున్నాయి. అడుగు ముద్రలో వార్ట్‌సిలా పేరుంటే అది ఆ సంస్థ ఏలుబడి నాటిదే.

కొనేముందు వేలితో మీటి చూడాలి. మంచి పాత్ర ఖంగుమంటుంది, సన్నటి పగులున్నది బొంగురుగా పలుకుతుంది. బూడిదరంగు గీతలకు బెంగపడనక్కర్లేదు: చాలావరకు అవి కత్తులు, చెంచాలు వదిలిన లోహపు మరకలే, లోహపాత్రలు తోమే పేస్టుతో పోతాయి. పెచ్చు ఊడిన అంచు మాత్రం బాగుపడదు. పాత పూతల్లో సీసం ఉందో లేదో కంటికి తెలియదు కాబట్టి, రోజూ తినడానికి వాడాలనుకుంటే పరీక్ష చేయించడం మంచిది.

కప్పులు, సాసర్లు ఎక్కువగా తయారయ్యాయి కనుక తేలిగ్గా దొరుకుతాయి. టీపాట్లు అలా కాదు. ముందు పగిలేది మూతే కావడంతో, మూత సరిగ్గా ఉన్నదానికి గిరాకీ ఎక్కువ.